మట్టి తెలిసిన చేయి

పాఠ్యభాగ వివరాలు

ప్రక్రియ : స్మృతి వ్యాసం. తానెరిగిన వ్యక్తుల అనుభవాలను, వాటికి సంబంధించిన చారిత్రక విషయాలను కలిపి రచయిత ఆలోచనాత్మకంగా వివరించే వచన రచన స్మృతి వ్యాసం.

ఉద్దేశం : శారీరక శ్రమలోను, యంత్రచాలనంలోను ఉన్న నైపుణ్యాన్ని విద్యార్థులు గుర్తించాలి. యంత్రం వలన సమాజం పొందిన మేలును, అందుకు చెల్లించిన మూల్యాన్ని రెండింటినీ సమదృష్టితో పరిశీలించే అలవాటు వారిలో కలగాలి.

పాఠ్యభాగం

భూమిని తవ్వడం మానవుని ఆదిమ వృత్తులలో ఒకటి. నీటి కోసం, గింజ కోసం, గూడు కోసం, చివరకు కన్నుమూసిన ఆత్మీయుని మట్టిలో దాచుకోవడం కోసం కూడ మనిషి నేలను తవ్వుతూనే వచ్చాడు. మన పురాణాలలో ఈ తవ్వకానికి ఒక మహాకథయే ఉన్నది. సగర చక్రవర్తి యాగాశ్వం కనిపించకపోగా, దానిని వెదకుతూ ఆయన కుమారులు అరవై వేలమంది భూమిని పాతాళం దాకా తవ్వినారనీ, సగరపుత్రుల వలన ఏర్పడినది కనుకనే సముద్రానికి సాగరమనే పేరు కలిగినదనీ ఆ కథ చెబుతుంది. తెలుగునాట తరతరాలుగా మట్టిపనిలో ఆరితేరిన ఒక శ్రామిక వర్గం నేటికీ తమను సగరులని చెప్పుకొంటుంది. పురాణపురుషుల పేరు పలుగు పట్టినవారికి చెందడంలో ఔచిత్యం లేకపోలేదు.

సంస్కృతంలో 'ఖన్' ధాతువుకు తవ్వడమని అర్థం. తవ్వే సాధనం ఖనిత్రం. మన గునపం, పార, పలుగు అన్నీ ఖనిత్రాలే. వీటికి తోడు మట్టి మోసే తట్ట ఒకటి ఉంటే చాలు, చెరువులు వెలిశాయి, కాలువలు పారాయి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉన్నది. విజయనగర రాజవంశానికి చెందిన భాస్కర భవదూరుడు ఆ చెరువును త్రవ్వించాడు. దినానికి వేయిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండు సంవత్సరాల కాలం పట్టినవని ఆ శాసనం లెక్క చెబుతుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు తగని ఆరు దోషాలను కూడ అది పేర్కొంటుంది. కట్ట నుండి నీరు ఊరడం, చౌడు నేల, చెరువు నడుమ మెరక ఉండడం ఆ దోషాలలో కొన్ని. తవ్వే ముందు నేలను తెలుసుకోవాలన్న ఎరుక మన పూర్వులకు ఉన్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

తరువాతి కాలంలో కూడ ఖనిత్రం మారలేదు. 1847లో ప్రారంభమై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వేలాది కూలీల చేతిపని. 1876-78 నాటి ఘోర క్షామంలో ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించడానికి బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని తవ్వించారు. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం సైతం ప్రధానంగా మనుషుల భుజబలంతోనే లేచిన రాతి కట్టడం. దాని కుడి ఎడమల మట్టికట్టలు కూడ ఉన్నాయి. ఆనాడు పాలమూరు జిల్లా నుండి వలసవెళ్లిన కూలీలు ఎందరో ఇటువంటి నిర్మాణాలలో పాల్గొన్నారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా 'పాలమూరు కూలీలు' అనే మాట వినిపించేది. నా మాతామహి కూడ నాగార్జునసాగరం వద్ద మట్టితట్ట మోసిన స్త్రీలలో ఒకతె.

ఇంతలో మరొక ఖనిత్రం పుట్టింది. అది యంత్రం. 'యమ్' ధాతువు నుండి పుట్టిన యంత్ర శబ్దానికి నిగ్రహించే సాధనమని మూలార్థం. బలాన్ని పుట్టించడం కంటె బలాన్ని అదుపులో ఉంచడమే యంత్ర లక్షణమని ఆ వ్యుత్పత్తి తెలియజేస్తుంది. అమెరికాలో విలియం ఓటిస్ అనే యువకుడు ఆవిరితో నడిచే తవ్వకపు యంత్రాన్ని నిర్మించి 1839లో దానికి పేటెంటు పొందాడు. అదే సంవత్సరం ఆయన మరణించాడు. ఆ ఆవిరి పారలలో గొలుసులు, ఇనుప తాళ్లు, కప్పీలు బకెట్టును లాగేవి. తాడు లాగగలదు కాని నెట్టలేదు. అందువలన బకెట్టును నేలలోనికి బలంగా దించడం కష్టమయ్యేది.

ఈ కొరతను తీర్చినది ద్రవం. పదునేడవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట పీడనం కలిగిస్తే అది తగ్గక అన్ని దిక్కులకు సమానంగా వ్యాపిస్తుంది. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం గల చిన్న పిస్టనుపై పది కిలోల బరువు ఉంచితే, దానితో కలిసి ఉన్న నూరు చదరపు సెంటీమీటర్ల పెద్ద పిస్టను వేయి కిలోల బరువును లేపగలదు. కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. చిన్న పిస్టను నూరు సెంటీమీటర్లు దిగితే పెద్ద పిస్టను లేచేది ఒక్క సెంటీమీటరే. బలం పెరిగినంత మేరకు దూరం తగ్గుతుంది. ప్రకృతి దేనినీ ఉచితంగా ఇవ్వదు.

ఈ సూత్రంపై ఆధారపడి 1795లో ఇంగ్లాండులో జోసెఫ్ బ్రామా ద్రవచాలిత ఒత్తిడి యంత్రాన్ని రూపొందించాడు. 1882లో హల్ రేవు నిర్మాణంలో ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థవారి తవ్వకపు యంత్రం నీటి పీడనంతో పనిచేసింది. నీటికి బదులు నూనెను వాడే యంత్రాలు రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత విస్తరించాయి. ఫ్రాన్సులో జార్జ్ బటాయ్ స్థాపించిన పొక్లెయిన్ అనే సంస్థ మొదట వ్యవసాయ పరికరాలు చేసేది. ఆ సంస్థ 1951లో తన తొలి ద్రవచాలిత తవ్వకపు యంత్రాన్ని వెలువరించింది. 1961లో చుట్టూ పూర్తిగా తిరిగే యంత్రాన్ని తెచ్చింది. ఇంగ్లాండులో జోసెఫ్ సిరిల్ బాంఫోర్డ్ 1945లో నెలకొల్పిన సంస్థ 1953లో ముందు పార, వెనుక తవ్వే చేయి గల వాహనాన్ని తయారుచేసింది. ఆయన పేరులోని మూడు పొడి అక్షరాలే నేటి జేసీబీ.

ఈ రెండు పేర్లు తెలుగులో పొందిన పరిణామం భాషా విద్యార్థి గమనించదగినది. పొక్లెయిన్ సంస్థ సాంకేతిక సహకారంతో మన దేశంలో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ ఈ యంత్రాలను తయారుచేసింది. జేసీబీ 1979లో ఒక భారతీయ సంస్థతో కలిసి మన దేశంలో అడుగుపెట్టింది. కాలక్రమంలో ఏ సంస్థ చేసిన యంత్రమైనా చైన్లపై నడిచేది పొక్లెయిన్, చక్రాలపై నడిచేది జేసీబీ అయినవి. పల్లెలలో కొందరు 'ప్రొక్లెయినర్' అని కూడ అంటారు. సంజ్ఞావాచకం జాతివాచకంగా మారడానికి ఇది చక్కని ఉదాహరణ. ఒక వస్తువు జనజీవితంలో బాగా కలిసిపోయినప్పుడే ఇటువంటి అర్థవ్యాప్తి కలుగుతుంది.

నా మేనమామ ఈ పొక్లెయిన్ తొలితరం చోదకులలో ఒకడు. మట్టితట్ట మోసిన తల్లికి పుట్టి, మట్టి తవ్వే యంత్రం ఎక్కినవాడు. 1983లో శంకుస్థాపన జరిగిన తెలుగుగంగ పథకపు కాలువ పనులలో, కర్నూలు, కడప జిల్లాలలో ఆయన అనేక సంవత్సరాలు గడిపాడు. ఆ పథకం ద్వారా కృష్ణా జలాలు 1996లో తమిళనాడు సరిహద్దును చేరినప్పుడు, ఆ వార్తను పత్రికలో నాచేత రెండుసార్లు చదివించుకొన్నాడు. ఆయన చెప్పిన అనుభవాలలో కొన్నింటిని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ఆయన మొదట చోదకుడు కాడు, సహాయకుడు. తెల్లవారకముందే లేచి యంత్రపు కీళ్లన్నింటికి గ్రీజు పట్టించడం, డీజిలును గుడ్డతో వడగట్టి పోయడం, నూనె మట్టం చూడడం, రబ్బరు గొట్టాలపై పగుళ్లున్నవేమో తడమకుండా కంటితో పరిశీలించడం ఆయన విధులు. 'తడమకుండా' అన్న మాటను ఆయన ఒత్తి పలికేవాడు. ఆ గొట్టాలలో నూనె అపారమైన పీడనంతో ప్రవహిస్తుంది. సూదిమొనంత రంధ్రం పడినా బయటకు చిమ్మే నూనె చర్మాన్ని చీల్చి లోపలికి చొచ్చుకొనిపోతుంది. పైకి చిన్న గాయంగా కనిపించినా అది అత్యవసర చికిత్స కోరే ప్రమాదం, ఆలస్యమైతే వేలు, చేయి కూడ పోవచ్చు. అందువలన అనుమానమున్నచోట అట్టముక్కనో చెక్కముక్కనో దూరం నుండి అడ్డుపెట్టి చూడాలి. యంత్రాన్ని విడిచి దిగే ముందు బకెట్టును నేలకు ఆనించి, ఇంజను ఆపి, లివర్లను కదిపి గొట్టాలలో మిగిలిన పీడనాన్ని తీసివేయాలి. ఆయన నేర్చిన మొదటి పాఠాలివి.

రెండేండ్ల తరువాత ఆయన ఉస్తాదు మధ్యాహ్న విరామంలో ఆయనను చోదకుని ఆసనంపై కూర్చోనిచ్చాడు. ఆ యంత్రపు చేయిని మనిషి చేయితో పోల్చి ఉస్తాదు బోధించేవాడట. బూమ్ అంటే భుజం నుండి మోచేయి వరకు, ఆర్మ్ అంటే మోచేయి నుండి మణికట్టు వరకు, బకెట్టు అరచేయి, దాని పండ్లు వ్రేళ్లు. మనిషి నేలమీది గింజను తీసుకొనేటప్పుడు భుజం, మోచేయి, మణికట్టు వేరువేరుగా కదలవు, కలిసి కదులుతాయి. యంత్రంలో మాత్రం ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క ఆజ్ఞ ఇవ్వాలి. ఆనాటి లివర్లు నేటివలె సుతారమైనవి కావు. ఇనుప కడ్డీల ద్వారా నేరుగా కవాటాలకు బిగించినవి. సాయంకాలానికి భుజాలు దిగిపోయేవి. రెండు కదలికలను ఒకేసారి కోరితే పంపునుండి వచ్చే నూనె రెంటికీ పంచుకొనిపోయి వేగం తగ్గేది. ఏ లివరును ఎంత లాగితే ఏ సిలిండరుకు ఎంత నూనె పోతుందో చేయికి తెలియాలి. బకెట్టు పంటితో నేలమీద ఇరవై అడుగుల పొడవున ఒకే లోతులో ఒక గీత గీయమనడం ఉస్తాదు పెట్టిన పరీక్ష. బూమ్ కొంచెం దిగినా గీత గొయ్యి అవుతుంది, కొంచెం లేచినా తెగిపోతుంది. ఆ గీత వంకర లేకుండ రావడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది.

"కన్ను బకెట్టు మీద ఉండాలె, చెవి ఇంజను మీద ఉండాలె, మనసు మాత్రం మనిషి మీద ఉండాలె అల్లుడా" అనేవాడు ఆయన. చెవికి అంత ప్రాధాన్యం ఎందుకని నేను అడిగినాను. పాత యంత్రంలో తెరలు, సూచికలు తక్కువ. నేల స్వభావం శబ్దం ద్వారానే తెలిసేది. ఎర్రమట్టిలో బకెట్టు దిగితే ఇంజను నింపాదిగా ఉంటుంది. మొరంలో దిగితే గరగరలాడుతుంది. రాయి తగిలితే ఇంజను గొంతు ఒక్కసారి బరువెక్కుతుంది. ఇంకను మొండిగా లాగితే పీడనం హద్దు మీరకుండ కాపాడే కవాటం తెరుచుకొని కీచుమంటుంది. అది యంత్రం పెట్టే మొర. దానిని వినిపించుకోనివాడు గొట్టాలనో పిన్నులనో విరగగొట్టుకొంటాడు. వానకు తడిసిన నల్లరేగడి మరొక పరీక్ష. అది బకెట్టుకు అంటుకొని రాదు, దులిపినా రాలదు. సగం బకెట్టు మట్టిని మోస్తూ సగం బకెట్టు పని చేస్తున్నట్లుంటుంది. వేసవిలో మిట్టమధ్యాహ్నం వరకు పనిచేస్తే నూనె వేడెక్కి పలుచబడి యంత్రపు చేయి నీరసించేది. అందుచేత వేకువనే మొదలుపెట్టి, ఎండ ముదిరినప్పుడు ఆపి, పొద్దువాలిన తరువాత మరల సాగించేవారు. చల్లదనమిచ్చే గది ఆనాడు లేదు. తలపై తడిగుడ్డ, వీపు వెనుక ఇంజను. ఆ హోరులో ఇరవై ఏండ్లు గడిపిన ఫలితంగా ఆయన ఎడమచెవికి వినికిడి బాగా తగ్గింది. నేడు చోదకులు చెవులకు రక్షణ ధరించాలని నియమాలున్నాయి. ఆ నియమాల వెనుక ఇటువంటి చెవులు ఎన్నో ఉన్నాయి.

ఒకసారి మా అమ్మమ్మ కొడుకును చూడడానికి కాలువ పని జరిగేచోటికి వెళ్లింది. ఆ యంత్రపు బకెట్టు ఒక ఘనపు మీటరుకు కొంచెం తక్కువ మట్టిని పట్టేది. తూకంలో అది టన్నున్నర వరకు ఉండవచ్చు. ఇరవై కిలోల తట్టతో లెక్కిస్తే డెబ్బది ఐదు తట్టలు. నిమిషానికి రెండు విడతల చొప్పున మంచి నేలలో గంటకు నూరు ఘనపు మీటర్లకు చేరువగా తవ్వి లారీలకెత్తగలదు. గునపంతో తవ్వి, పారతో ఎత్తి, తట్టతో మోసే మనిషి దినమంతా శ్రమించినా కొన్ని ఘనపు మీటర్లకు మించదు. ఆమె గట్టుపై కూర్చొని చాలాసేపు చూచింది. కొడుకు దిగివచ్చి, ఎట్లున్నదమ్మా అని గర్వంగా అడిగినాడు. ఆమె మెచ్చుకొన్నది. పిమ్మట, "గంత మట్టి ఒక్కపారే ఎత్తవట్టె. మరి గా మట్టి మోసెటోళ్లు ఏడికి వోయిండ్రురా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఆయన అప్పుడు సమాధానం చెప్పలేదు. అంతకు ముందే ఆయనకు తెలిసిన సంగతి ఒకటి ఉన్నది. యంత్రం వచ్చిన మొదటి రోజున మట్టిపనివారందరూ తట్టలు దించి వేడుక చూచినారు. సాయంత్రానికి మేస్త్రీ వారిలో సగంమందిని మరునాటి నుండి రావలదన్నాడు. తవ్విన లోతు కొలుచుకొనేందుకు వారు నడుమ నడుమ తవ్వకుండ విడిచిన మట్టి దిమ్మెలు అట్లే మిగిలినవి. ఆ దిమ్మెలను బట్టియే వారికి కూలి లెక్క కట్టేవారు. వారం తరువాత ఆ దిమ్మెలను తొలగించే పని మా మేనమామకు అప్పగించారు. ఒక్కొక్కటి ఒక్క బకెట్టు పని. "అవి తీసేటప్పుడు మాత్రం లివరు బరువైంది" అన్నాడాయన.

ఇందుకు యంత్రాన్ని నిందించవలెనా? మా అమ్మమ్మ నిందించలేదు. తట్ట మోసిన తలపై జుట్టు ఊడి, మెడ ఎముకలు అరిగి, నడుము వంగిన బ్రతుకు ఆమెది. తన కూతురి తల మీదికి ఆ తట్ట రాకూడదని ఆమె కోరుకొన్నది. అందుచేత ఆమె అడిగినది యంత్రం ఎందుకని కాదు, మోసినవారు ఏమైనారని. ఈ రెండు ప్రశ్నలకు ఉన్న భేదాన్ని మనం గ్రహించాలి. మొదటిది యంత్రాన్ని గురించినది. రెండవది మన బాధ్యతను గురించినది. బరువు దిగిన తలకు మరొక బ్రతుకుతెరువు చూపకపోతే, తీసివేసినది బరువు మాత్రమే కాదు, కూడు కూడ.

ఆయన జీవితంలో మరొక ఘట్టం నాకు తరచుగా గుర్తుకువస్తుంది. లోతైన కాలువ కోతలో గట్టును పైనుండి మెట్లుమెట్లుగా తీసుకొంటూ దిగాలి. అట్లు కాక అడుగునుండి తొలిచివేస్తే మట్టి త్వరగా వస్తుంది, కాని పైభాగం ఆధారం లేక వ్రేలాడుతూ ఉంటుంది. గడువు సమీపించిందని ఒకనాటి రాత్రి పర్యవేక్షకుడు అడుగునుండి తీయమని ఆజ్ఞాపించాడు. మా మేనమామ దీపపు వెలుగులో గట్టుపైకి చూచాడు. అంచుకు రెండు బారల వెనుకగా నేలపై వెంట్రుక వంటి ఒక చీలిక కనిపించింది. మధ్యాహ్నం అది లేదు. ఆ గట్టు క్రిందనే పగటివేళ రాళ్లు పేర్చే కూలీలు నీడకు కూర్చొని అన్నం తినేవారు. ఆయన బకెట్టును నేలకు ఆనించి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసుకొని క్రిందికి దిగాడు. ఎంత గదమాయించినా ఎక్కలేదు. ఆ రాత్రియే కూలీల గుడిసెలకు వెళ్లి, గట్టు దగ్గరకు పోవద్దని పేరుపేరున చెప్పివచ్చాడు. మరునాడు మరొక చోదకుని పిలిపించారు. అతడును గట్టును చూచి అడుగునుండి తీయడానికి ఒప్పుకొనలేదు. మూడవ నాటి వానకు ఆ చీలిక వెంబడి గట్టు కూలి కోతలో పడింది. క్రింద మనుషులు లేరు. పని ఆగిన రెండు దినాలకు మా మేనమామకు కూలి ఇవ్వలేదు. ఆ డబ్బు ఆయనకు ఎన్నడును రాలేదు.

ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన తనను వీరునిగా వర్ణించుకొనలేదు. "ఆపుడు గూడ పనే అల్లుడా. నడుపుడు నేర్పినోడే ఆపుడు గూడ నేర్పిండు" అన్నాడు. యంత్ర శబ్దానికి నిగ్రహమని అర్థం చెప్పిన వ్యాకర్తలు ఈ మాట విని ఉంటే సంతోషించేవారని నా నమ్మకం. పదునైదు టన్నుల ఇనుమును కదిలించగలగడం బలం. కదిలించగలిగి ఉండియు ఆపగలగడం నైపుణ్యం.

కాలం మారింది. నేటి యంత్రాలలో లివర్లు చిటికెనవ్రేలితో కదులుతాయి. చోదకుడు చల్లని గదిలో కూర్చొంటాడు. నూనె వేడిని, ఇంజను వేగాన్ని, చివరకు తవ్విన లోతును కూడ తెర చూపుతుంది. ఉపగ్రహాల సాయంతో వాలు కొలుచుకొని తవ్వే యంత్రాలు వచ్చాయి. పని నిడివి తగ్గింది, ప్రమాదాలను ముందుగా తెలిపే సాధనాలు పెరిగాయి. ఇవన్నీ ఆహ్వానించదగినవే. మా మేనమామ కూడ ఒకసారి కొత్త యంత్రమెక్కి చూచాడు. చాలా సుఖంగా ఉన్నదని మెచ్చుకొని, "మట్టి చేతికి తెలుస్తలేదు" అన్నాడు. పాత లివరులో నేల బిగువు చేతికి తగిలేది. కొత్త లివరులో ఆ స్పర్శ లేదు. తెర చూపేదానిని కన్ను గ్రహిస్తుంది. తెర చూపనిదానిని గ్రహించడానికి మాత్రం అనుభవం కావలసిందే.

ఆ అనుభవం నిరుపయోగం కాదని నిరూపించే సందర్భం కూడ వచ్చింది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పునరుద్ధరణ మొదలైనప్పుడు అనేక గ్రామాలలో పొక్లెయిన్లు చెరువులలోనికి దిగాయి. తీసిన పూడికమట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకొన్నారు. పూడిక తీయడం పైకి సులభంగా తోచే పని. కాని చెరువు అడుగున నీటిని ఇంకనివ్వని బంకమట్టి పొర ఉంటుంది. ఎక్కువ మట్టి వస్తుందన్న ఆశతో ఆ పొరను ఛేదిస్తే చెరువు నీటిని నిలుపుకోలేదు. కట్ట మొదలుకు ఆనుకొని లోతుగా తవ్వితే కట్టయే బలహీనపడుతుంది. వయసు మీరిన మా మేనమామ తన ఊరి చెరువు గట్టున నిలబడి, ఎక్కడ ఆపాలో పడుచు చోదకులకు చూపేవాడు. బకెట్టులోని మట్టిని చేతిలోనికి తీసుకొని పిసికి, రంగు చూచి, ఇక చాలుననేవాడు. ఆరువందల యేండ్ల క్రిందట పోరుమామిళ్ల శాసనం చెరువు దోషాలను లెక్కించింది. ఆయన ఆ శాసనాన్ని చదివినవాడు కాడు. కాని అందులోని శ్రద్ధ ఆయన వ్రేళ్లలో ఉన్నది.

చదువుకొన్నవారు చేతిపనిని చిన్నచూపు చూడడం మన సమాజానికి పట్టిన పాత జబ్బు. గ్రంథంలో ఉన్నది మాత్రమే విద్య అనీ, చేయి నేర్చినది కేవలం అలవాటనీ మనం తలపోస్తాం. వంకర లేని గీత కోసం నాలుగు నెలలు చేసిన సాధన విద్య కాదా? ఇంజను గొంతు విని రాయిని, మొరాన్ని వేరుపరచడం శాస్త్రజ్ఞానం కాదా? గట్టు చీలికను చూచి పని ఆపడం ధర్మం కాదా? ఈ మూడును కలిసినప్పుడే వృత్తి గౌరవాన్ని పొందుతుంది.

పాస్కల్ సూత్రంలోని మెలికను మనం మరువరాదు. పెద్ద పిస్టను పొందిన బలానికి చిన్న పిస్టను చాలా దూరం కదలవలసివచ్చింది. సమాజంలోను అంతే. మనం త్రాగే కాలువనీటి వెనుక, నడిచే రహదారి వెనుక, మరెవ్వరో చాలా దూరం కదిలి ఉంటారు. కొందరు ఊరు విడిచినారు, కొందరు వినికిడి పోగొట్టుకొన్నారు, కొందరు పనినే పోగొట్టుకొన్నారు. రేపు మీలో ఇంజనీర్లు అయ్యేవారు కొత్త యంత్రాలను రూపొందిస్తారు, అధికారులు అయ్యేవారు వాటిని కొనిపిస్తారు. అప్పుడు గంటకు ఎన్ని ఘనపు మీటర్లని లెక్కకట్టే కాగితంపైనే, ఆ పని ఇదివరకు చేసినవారు ఎందరు, వారికి చూపే దారి ఏది అన్న లెక్కకు కూడ ఒక గడి ఉంచండి.

కఠిన పదాలకు అర్థాలు

ఖనిత్రం = తవ్వే సాధనం, గునపం
మాతామహి = తల్లికి తల్లి, అమ్మమ్మ
మూలార్థం = పదానికి మొదట ఉన్న అర్థం
వ్యుత్పత్తి = పదం పుట్టుకను తెలిపే వివరణ
నిగ్రహం = అదుపు
కవాటం = తలుపు; ఇక్కడ ద్రవ ప్రవాహాన్ని అదుపుచేసే సాధనం
చోదకుడు = నడిపేవాడు
మెరక = ఎత్తైన నేల
మొరం = చిన్న రాళ్లతో కూడిన గట్టి మట్టి
బార = చాచిన రెండు చేతుల నడిమి కొలత
పూడిక = చెరువు అడుగున పేరుకొన్న ఒండ్రుమట్టి

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. 'మట్టి తెలిసిన చేయి' పాఠం ఆధారంగా పాతకాలపు పొక్లెయిన్ చోదకునికి కావలసిన నైపుణ్యాలను వివరించండి.
2. యంత్రం వలన కలిగిన మేలును, దానికి చెల్లించిన మూల్యాన్ని రచయిత ఎట్లు సమన్వయించాడు?

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. పోరుమామిళ్ల శాసనం తెలిపే విశేషాలేవి?
2. రచయిత అమ్మమ్మ అడిగిన ప్రశ్నలోని అంతరార్థాన్ని వివరించండి.
3. రచయిత మేనమామ రాత్రివేళ యంత్రాన్ని ఎందుకు ఆపివేశాడు? దాని ఫలితమేమి?
4. చెరువు పూడిక తీసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేవి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. సముద్రానికి సాగరమనే పేరు ఎట్లు వచ్చింది?
2. నాగార్జునసాగరానికి ఎప్పుడు శంకుస్థాపన జరిగింది?
3. పాస్కల్ సూత్రమేమి?
4. కూలి లెక్క కట్టడానికి మట్టిపనివారు వేటిని విడిచేవారు?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. "మరి గా మట్టి మోసెటోళ్లు ఏడికి వోయిండ్రురా?"
2. "ఆపుడు గూడ పనే అల్లుడా."
3. "మట్టి చేతికి తెలుస్తలేదు."

V. భాషాంశాలు

సంధులు
యాగాశ్వం = యాగ + అశ్వం : సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశ సంధి
మేనల్లుడు = మేన + అల్లుడు : అత్వ సంధి

సమాసాలు
మట్టితట్ట = మట్టి కొరకు తట్ట : చతుర్థీ తత్పురుష సమాసం
భుజబలం = భుజముల యొక్క బలం : షష్ఠీ తత్పురుష సమాసం
కుడి ఎడమలు = కుడియును ఎడమయును : ద్వంద్వ సమాసం

కృత్యం : మీ ప్రాంతంలో చేతిపనిగాని యంత్రచాలనంగాని చాలకాలం చేసిన ఒక పెద్దను కలిసి, ఆ పనిలో వారు నేర్చిన మెలకువలను, ఆ పనిలో వచ్చిన మార్పులను అడిగి తెలుసుకొని ఒక పుట మించకుండ వ్రాయండి.